రొదలో స్వరము: సగటు లెక్క చరిత్రము

హైదరాబాదు నగరమున కోఠి యను పేట యొకటి కలదు. జిల్లాలనుండి నగరమునకు వచ్చిపోవు పెద్దలలో ఆ పేరు విననివారుండరు. పిల్లల పుస్తకములకో, పెండ్లి బట్టలకో అచ్చటికి పోక తప్పదు. కోఠి యనగా పెద్ద మేడ. ఆ మేడ ఇంగ్లీషు కంపెనీవారి రెసిడెంటైన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ భవనము. 1949 నుండి అది మహిళా కళాశాలకు నెలవై యుండి, 2022లో ఆ కళాశాలయే విశ్వవిద్యాలయమైనది. మేడ పేరు పేటకు మిగిలినది. పేట మాత్రము సందడికి పేరుపొందినది.

ఆ సందడిలో మీరు బస్సు దిగి నిలుచుండగా వీధికావలనుండి మీ మేనల్లుడు "మామయ్యా" యని పిలిచినాడనుకొనుడు. మొదటి కేక హారనుల మ్రోతలో మునిగిపోవును. రెండవది సగము వినబడును. నాలుగైదు మారులు పిలిచిన పిదప, పిలుచుచున్నది మనవాడే యనియు, పిలుపు మనకే యనియు తెలిసి అటు తిరుగుదురు. వాడు గొంతు పెంచలేదు. వీధిరొద తగ్గలేదు. మారని పిలుపు మరల మరల వచ్చినది. మారుచుండు రొద మారుచు పోయినది. చెవికి అంతమాత్రమే చాలినది.

ఈ చిన్న సంగతి శాస్త్రమైన కథయే నేడు నేను చెప్పబోవునది. కథకు ఆరంభము పాతదే గాని, దాని అవసరము నేడు మన పొలముల మీదనే ఎగురుచున్నది. పైరుపై మందు చల్లు డ్రోనులు పల్లెలకు వింతగావు. 2021 సెప్టెంబరు 11వ తేదీన వికారాబాదులో "ఆకాశమార్గమున ఔషధములు" అను పథకము నారంభించి, టీకాలను, మందులను ప్రాథమిక ఆరోగ్య కేంద్రములకు డ్రోనులచే పంపి చూచిరి. తలపై నెగురునట్టి యంత్రము తలపై పడకుండవలెను గదా! దాని మోటారులోని బేరింగు అరుగుచున్నను, రెక్క అంచున వెంట్రుకవంటి బీట పడినను, ఆ సంగతి కంటికి కానరాకమునుపే కంపనములో కానవచ్చును. బండి ఇరుసు చెడినదని చక్రము విరుగక మునుపే కిర్రుమను ధ్వనిని బట్టి తెలిసికొను రైతునకు ఇది క్రొత్త మాట కాదు.

చిక్కు ఎక్కడనగా, డ్రోనులో ఆ కిర్రు మనువరకు వేచియుండ వీలులేదు. బీట తొలినాట పుట్టించు కంపనము మిక్కిలి సన్నము. దానిచుట్టును గాలి తాకిడి, చట్రము వణకు, తక్కిన మోటారుల మ్రోత, కొలుచు పరికరములోనే పుట్టు విద్యుత్తు గరగర, ఇవన్నియు కలిసి దానికి పదింతలుగా నుండును. సన్నని స్వరమును ఇంత రొదనుండి వేరుచేయు విద్యకు మూలము సగటు.

సగటు తీయుట మనకు తెలిసిన పనియే. భూసార పరీక్షకు పొలములో ఒకచోటి మట్టి కాక పదిచోట్ల మట్టి తీసి కలిపి పంపుదురు. ఊరిలో పంటకోత ప్రయోగము చేయవచ్చిన యధికారి కాలువ ప్రక్కనున్న ఒక్క మడి మాత్రమే కోసి ఊరి పంట ఇంత యని వ్రాసినచో గ్రామస్థు లూరకుందురా? ఐనను, పెక్కు కొలతలను కలిపినచో నిజమునకు దగ్గరగును అను మాట విద్వాంసులకు సైతము చిరకాలము రుచింపలేదు. "జాగ్రత్తగా తీసిన కొలత యొక్కటి చాలదా? మంచి కొలతను చెడ్డ కొలతలతో కలిపి ఎందుకు చెరుపవలెను?" అనువారు ఐరోపాలో ఉండిరి. 1755లో థామస్ సింప్సన్ అను ఆంగ్ల గణితజ్ఞుడు లండను రాయల్ సొసైటీ అధ్యక్షునకు లేఖ వ్రాసి, అట్లు తలచు పేరుగలవా రున్నారని చెప్పి, సగటు ఏల మేలో లెక్కగట్టి చూపెను. వారి సందేహము తెలివిలేని సందేహము కాదు. దానిలోని సత్యము తరువాత మన దేశములోనే బయటపడినది.

1802లో విలియం లాంబ్టన్ అను సైనికోద్యోగి చెన్నపట్టణము చెంత ఏడున్నర మైళ్ల భూమిని గొలుసుతో కొలిచి, ఆ గీతను ఆధారముగా గొని త్రిభుజముపై త్రిభుజము కట్టుచు దేశమును కొలువ నారంభించెను. 1815 నాటికి ఆ కొలత నిజాము రాజ్యములోనికి వచ్చి బీదరు సమీపమును చేరినది. లాంబ్టన్ వాడిన కోణమాపకము సామాన్యమైనది కాదు. దాని చక్రము అడ్డుకొలత మూడడుగులు, బరువు అర టన్ను. లండనులో కేరీ యను పనివాడు చేయగా ఓడలో వచ్చుచుండ ఫ్రెంచివారు పట్టుకొనిపోయిరి. అది శాస్త్రపరికరమని తెలిసి మర్యాదతో తిరిగి పంపిరి. శత్రువులలోను అట్టి సంస్కారము ఆనాడుండినది. అటువంటి యంత్రమును 1808లో తంజావూరి గోపురముపైకి త్రాళ్లతో లాగుచుండగా త్రాడు తెగి గోడకు కొట్టుకొని చక్రము వంగెను. లాంబ్టన్ ఇంచుమించు ఆరు వారములు డేరాలో కూర్చుండి దానిని స్వయముగా సరిచేసెను. సరిచేసినను, ఒకమారు వంగిన చక్రము మునుపటి చక్రము కాజాలదు.

1818 చివర జార్జి ఎవరెస్టు లాంబ్టనునకు సహాయకుడై హైదరాబాదున వచ్చి చేరెను. అప్పుడు సికందర్ జా నిజాముగా నుండెను. కోఠిలోని మేడలో హెన్రీ రస్సెల్ రెసిడెంటుగా నుండెను. మరునాడు జగత్తున కెల్ల ఎత్తైన శిఖరమునకు ఏ పేరు పెట్టబడెనో ఆ పేరుగలవాని తొలి కష్టములు మన కృష్ణా గోదావరుల నడిమి అడవులలో పడినవే. 1819లో అచ్చటి జ్వరము తగిలి, కోలుకొనుటకు మరుసటి యేట ఆఫ్రికా దక్షిణాగ్రమునకు ఓడనెక్కవలసి వచ్చెను.

వారి పని యేమి? ఒక గుట్టపై నిలిచి మైళ్ల దూరముననున్న మరియొక గుట్టమీది గుర్తును దుర్భిణితో చూచి కోణము చదువుట. దక్కను ఎండలో గాలి కాగి నీటివలె కదలును. గుర్తు ఇటొకమారు అటొకమారు ఊగును. ఒక్క చూపును నమ్మిన మోసపోవుదురు. కావున మరల మరల చూచి, వచ్చిన అంకెలను కూడి సగటు తీయుదురు. ఇటు ఊగిన ఊపు అటు ఊగిన ఊపుతో కొట్టుకొనిపోవును. ఇది సగటు యొక్క బలము.

బలహీనత కూడ అక్కడనే తెలిసినది. గుర్తు ఊగుటకాక, చక్రముపై గీతయే తప్పుగా పడియుండిన ఏమగును? అదే గీత వద్ద నూరుమారులు చదివినను నూరుమారులును అదే తప్పు వచ్చును. తక్కువ తూచు రాయితో వేయిమారులు తూచినను బరువు సరి యగునా? సింప్సను నాటి సందేహులు భయపడిన చెరుపు నిజముగా నున్నది ఇక్కడనే. దీనికి ఎవరెస్టు స్థిరపరచిన ఉపాయము చూడదగినది. ఒకే కోణమును ఒక వరుస చదివిన పిమ్మట చక్రమును కొంత త్రిప్పి బిగించి, వేరొక అంకెనుండి మరల చదువుట, మరల త్రిప్పుట, మరల చదువుట. ఇప్పుడు ప్రతి వరుసకు గీతల తప్పు వేరువేరుగా వచ్చును. కదలకుండ కూర్చున్న తప్పును కదలునట్లు చేసి, పిదప సగటుచే దానిని తరిమివేసిరి. నాకు తోచినంతలో, శిఖరమునకు పేరు పెట్టుటకంటె ఈ యుపాయమునకే ఆయన పేరు తగియుండెడిది. గాలిలో వెలుగు వంగుటవలని దోషమును మాత్రము ఇట్లు తరుముట సాధ్యము కాలేదు. అందుకై పగటి గుర్తులకు మారుగా రాత్రివేళ దీపములను గురిచూచు పద్ధతి నవలంబించిరి.

ఇక సగటుచే రొద ఎంత తగ్గును? రామభజనను తలచుకొనుడు. నూరుగురు ఒకే తాళమునకు పాడినచో ఆ స్వరము ఒక్కని స్వరమునకు నూరు రెట్లగును. ఆ నూరుగురే పాట మాని తమతమ ముచ్చట్లు చెప్పుకొనిన, ఒకరి మాట లేచునప్పుడు వేరొకరి మాట తగ్గును. మొత్తము కలకలము సుమారు పది రెట్లకు మించదు. నూరునకు వర్గమూలము పది గదా. కావున నూరు వరుసలు కలిపి నూరుచే భాగించినపుడు స్వరము ఉన్నట్లే యుండును, రొద పదవ వంతగును. దీనిలో ఒక కఠినమైన సంగతి కూడ కలదు. స్పష్టత రెండింతలు కావలెనన్న కొలతలు నాలుగింతలు తీయవలెను. పదింతలు కావలెనన్న నూరింతలు. మొదటి నూరు కొలతలకు వచ్చినంత లాభము రెండవ నూరింటికి రాదు.

ఇంతకంటె తెలివైన లెక్క యేదైన కలదా? తక్కువ కొలతలతో ఎక్కువ స్పష్టత సాధించు మంత్ర మేమైన దొరకునా? ఈ ప్రశ్నకు కడపటి సమాధానము చెప్పినవాడు తెలుగువాడు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో, నేటి కర్ణాటకములోని హడగలిలో, తెలుగు కుటుంబమున ఎనిమిదవ సంతానముగా పుట్టిరి. ఎనిమిదవవాడు గనుక కృష్ణుని పేరు పెట్టిరి. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితమున పట్టము పొంది కలకత్తా చేరిరి. 1944లో అచ్చట పాఠము చెప్పుచుండగా దండేకరు అను విద్యార్థి లేచి, కొలతలు లెక్కలేనన్ని యున్నప్పుడు చెల్లునని మీరు చెప్పిన నియమము కొన్నియే యున్నప్పుడు చెల్లునా యని యడిగెను. రావుగారికి అప్పటికి ఇరువదినాలుగేండ్లు. ఆ రాత్రి కూర్చుండి సాధించి, మరునాడు తరగతిలో జవాబు చెప్పిరి. 1945లో అది కలకత్తా గణిత సంఘ పత్రికలో అచ్చైనది. స్వీడను దేశీయుడైన క్రామెరు అదే సంగతిని వేరుగా కనుగొనుటచే ఇరువురి పేర దానిని క్రామెరు-రావు హద్దు అందురు.

ఆ హద్దు చెప్పునది యిది: కొలతలలో నిజమును గూర్చిన సమాచార మెంతయున్నదో అంతకు మించిన ఖచ్చితత్వమును, పక్షపాతము లేని యే లెక్కయు తీయజాలదు. కుండలో నున్నదే గరిటెకు వచ్చును. సామాన్యముగా నుండు రొద విషయమున మన సగటు సరిగా ఆ హద్దునే తాకును. అనగా పల్లెటూరి పద్దులలోని సగటు కంటె మేలైనది అక్కడ లేదని ఋజువైనది. రావుగారి పేర 2007లో హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణములో గణిత సంస్థ యొకటి వెలసినది. 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారము పొంది, ఆ యేడే ఆగస్టులో నూట రెండేండ్లు నిండిన వయస్సున అమెరికాలో పరమపదించిరి. నగరమునకు పడమట ఆయన పేరుగల రోడ్డుపై నిత్యము బండ్లు పోవుచున్నవి. ఆ పేరు ఎవరిదో ఎరిగి పోవువా రెందరో చెప్పజాలను.

సగటును కదలని కొలతలనుండి కదలు తరంగములకు తెచ్చినవాడు లండనులోని వైద్యుడు జార్జి డాసన్. మనుష్యుని చేతి నరమును విద్యుత్తుతో ముట్టినప్పుడు మెదడులో పుట్టు స్పందన మిక్కిలి సన్నము. మెదడు స్వయముగా చేయు విద్యుత్తు రొద దానిని మ్రింగివేయును. డాసన్ 1947లో పెక్కు గీతలను ఒకే ఛాయాపటముపై ఒకదానిమీద నొకటి పడునట్లు తీసి చూపెను. 1951 నాటికి వానిని తానుగా కూడు యంత్రమును సిద్ధపరచెను. ఇందులో ప్రాణమైన సంగతి ఒక్కటియే: ప్రతి గీతయు నరమును ముట్టిన క్షణమునుండియే ఆరంభము కావలెను. ఆరంభము తప్పిన, తాళము తప్పిన భజనవలె, రొదతోపాటు స్వరమును చెరిగిపోవును.

డ్రోనునకు ఆ తాళము వేయునది దాని రెక్కయే. రెక్క ఒకమారు తిరిగి మరల మొదటి చోటికి వచ్చిన ప్రతిసారి గుర్తు పడునట్లు ఏర్పాటుచేసి, ఆ గుర్తునుండి గుర్తువరకు వచ్చిన కంపనమును ఒక వరుసగా తీసికొందురు. వరుసలను ఒకదానిపై నొకటి పేర్చి సగటు తీయుదురు. మోటారు నిమిషమునకు 6000 చుట్లు తిరుగుచున్నదనుకొనుడు. అనగా క్షణకాలమునకు, ఒక సెకండునకు, నూరు చుట్లు. బీట వలని కంపనము ఒకటియైన రొద పది యనుకొందము. ఒక సెకండులో నూరు చుట్లు కూడును. రొద ఒకటికి దిగి స్వరముతో సమానమగును. నూరు సెకండులలో పదివేల చుట్లు కూడును; రొద స్వరములో పదవ వంతగును. అప్పుడు బీట దాగ జాలదు.

అంతకంటె అందమైన సంగతి, ఈ లెక్క పొరుగు మోటారులను గూడ తొలగించును. రెండవ మోటారు సెకండునకు నూటయొక్క చుట్లు తిరుగుచున్నదనుకొనుడు. మొదటి మోటారు తాళమునకు వరుసలు పేర్చినపుడు రెండవదాని కంపనము ప్రతి వరుసలో చుట్టులో నూరవ వంతు జరుగుచు పోవును. నూరు వరుసలు ముగియునప్పటికి అది చుట్టంతయు తిరిగివచ్చి, దాని మిట్టలు దాని పల్లములచే పూడిపోవును. ఏ మోటారు తాళము పట్టిన ఆ మోటారే మిగులును. నాలుగు మోటారులలో ఏది రోగియో ఇట్లు తెలియును. రోగము మోటారుదా, దానిపై బిగించిన రెక్కదా యని తేల్చుటకు రెక్కను విప్పి అరచుట్టు త్రిప్పి మరల బిగించి కొలుతురు. దోషము రెక్కతో పాటు తిరిగిన అది రెక్కదే, తిరుగక నిలిచిన మోటారుదే. ఎవరెస్టు చక్రమును త్రిప్పిన యుపాయమునకు ఇది దగ్గరి చుట్టము.

నూరు సెకండులని తేలికగా అంటిని గాని, గాలిలోనున్న డ్రోను నూరు సెకండులు ఒకేరీతి నుండదు. బ్యాటరీ తగ్గును, మందుతొట్టి తేలికపడును, గాలి వీచును, వేగము మారును. కావున గడియారమును బట్టి కాక రెక్క చుట్టును బట్టియే వరుసలను కోయవలసియున్నది. ఎన్ని వరుసలైనను కూడవచ్చునను ఆశయు చెల్లదు.

గుర్తు పెట్టు వీలులేనిచోట వేరొక మార్గము కలదు. కంపనమును ఏయే వేగముల కంపనములతో కూడియున్నదో విడదీయుదురు. దీనిని త్వరగా చేయు లెక్కను 1965లో కూలీ, టూకీ అను అమెరికా దేశీయులు ప్రకటించిరి. సంకేతమును ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కకు ఆ లెక్క చేసి, వచ్చిన బలములను సగటు తీయుటను బార్ట్‌లెట్ 1948లో చూపగా, వెల్చ్ 1967లో మెరుగుపరచెను. ఇది మునుపటి సగటుతో సమానమని పలువురు పొరబడుదురు. ఇందు రొద తగ్గదు. దాని ఎగుడుదిగుళ్లు మాత్రము చదునగును. గడ్డి ఒకచోట మోకాలెత్తు, ఒకచోట నడుమెత్తు పెరిగియున్న బయలులో పాతిన గూటము కానరాదు. గడ్డిని కోయకున్నను, అంతయు ఒకే ఎత్తుగా చేసినచో దానికంటె జానెడెత్తున్న గూటము దూరమునుండియే కానవచ్చును. గడ్డికంటె పొట్టి గూటము మాత్రము అప్పటికిని కానరాదు.

ఇక సగటు చేయు హాని యొకటి చెప్పక పోరాదు. ఈ సంవత్సరము సగటు వర్షము పడినదని జిల్లా కాగితములో వ్రాసియుండును. జూనులో పడవలసినది పడక, పంట కోతవేళ ఒక్క రాత్రిలో కుండపోతగా పడినను ఆ కాగితము అదే మాట చెప్పును. విత్తనము ఎండినవానికిని, కుప్ప తడిసినవానికిని ఆ సగటు ఏమి యూరట? డ్రోనులోను అంతే. వదులైన మర ప్రతి చుట్టునను కాక ఎప్పుడో ఒకప్పుడు టక్కుమని కొట్టును. పదివేల చుట్ల సగటులో ఆ ఒక్క దెబ్బ పదివేలవ వంతై మాయమగును. బేరింగులోని గుండ్లును రెక్కతో సరిగా తాళము కలుపక కొంత జారుచు తిరుగును. వాని అరుగుదల రెక్క తాళమునకు తీసిన సగటులో నిలువదు.

అందుచే ఎరిగిన పరీక్షకులు సగటు తీసి మూలమును పారవేయరు. ప్రతి చుట్టు కంపనమునుండి సగటును తీసివేసి, మిగిలినదానిని వేరొక వరుసగా ఉంచి, దానిని మరల చూతురు. రెక్క బీట సగటులో దొరకును. వదులైన మర దెబ్బయు, గుండ్ల గరుకును రొదయని త్రోసివేసిన ఆ మిగులులో దొరకును.